నీళ్ళింకా ఎక్కుతున్నాయి

ఏవిటీ, పడవలోనా? నన్నూ మీ తాతనీ పడవెక్కించి ఏటి మీదుగా ఫావర్‌షమ్ తీసుకెళ్తావా? ఎందుకురా బార్నీ, గంటకో బస్సుంది కదా, హాయిగా కూర్చుని పోక. ఆఁ, వాడి డెబ్భయ్యో పుట్టినరోజు, ఏదో ఒక వింత ఉండాలంటావు. సరే, వాడికిష్టమే. లెన్‌కి ఆ ఉప్పుటేరు పేరు చెబితే చాలు, చిన్నపిల్లాడైపోతాడు. నన్ను మాత్రం లాగొద్దు. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు, ఆ రేవు మెట్లు నాచు పట్టి ఉంటాయి, జారి పడ్డానంటే పుట్టినరోజు కాస్తా ఇంకోటవుతుంది. ఉండు, కెటిల్ దింపి వస్తాను, లేకపోతే అలా ఈల వేస్తూనే ఉంటుంది. ఊఁ, ఏమన్నావ్? ఆ కథ నా నోటితో వినాలా? మీ తాత చెప్పగా వినలేదూ? ప్రతి క్రిస్మస్‌కీ, పళ్ళెంలో పుడ్డింగు పడిందో లేదో, మొదలెడతాడు కదా, 'నాకు నాలుగేళ్ళప్పుడు మా అక్క నెల్ నాకోసం సముద్రాన్ని ఆపేసింది' అని. మీరంతా నా వంక చూసి నవ్వుతారు. నేను గిన్నెలు తోమాలని లేచిపోతాను. అలా లేచిపోతానని ఎప్పుడైనా గమనించావా? నువ్వెందుకు గమనిస్తావులే, నీ కళ్ళెప్పుడూ ఆ ఫోన్లోనే. అది కాస్త జేబులో పెట్టు. పెట్టావా. సరే.

అసలా కథ లెన్‌ది కాదు, నాదీ కాదు. మా నాన్నది. రూబెన్ టాప్లీ, నీకు ముత్తాత అవుతాడు. ఫొటో ఒక్కటే ఉంది, అందులోనూ కదిలిపోయాడు, మొహం ఉండాల్సిన చోట పొగలాగ ఉంటుంది. మనిషే అంత. ఒకచోట కూర్చోడు. తలుపు దగ్గర నిలబడి, పళ్ళెం ఒక చేత్తో పట్టుకుని, బయట గొర్రెల కేసి చూస్తూ తినేవాడు. యుద్ధంలో ఏదో ఒడ్డున పడవ ఇసకలో కూరుకుపోయి, నెత్తిన బాంబులు పడుతుంటే ఒక పూటంతా కదలకుండా ఉండిపోవాల్సొచ్చిందట, అప్పట్నించీ అలా అయ్యాడని కొందరనేవారు. మా మేబెల్ పెద్దమ్మ ఒప్పుకునేది కాదు. 'యుద్ధమా గాడిదగుడ్డా, పెళ్ళినాడు పాదిరీగారు ఆమెన్ అనేలోపు టోపీ పెట్టేసుకున్నాడు, నేను చూళ్ళేదూ' అనేది ముక్కుతో మాట్లాడుతూ. ఎవరి మాట నిజమో. కాలుగాలిన పిల్లి అంటారు చూడు, అలాంటి మనిషి. చెడ్డవాడు కాదు, అది మాత్రం రాసిపెట్టుకో. గొర్రెపిల్లకి చలేస్తే తన చొక్కాలో పెట్టుకుని పడుకునేవాడు. పడుకునేవాడంటే, గోడకి ఆనుకునేవాడు.

మేముండేది నీళ్ళకవతల దీవి మీద, హార్టీలో. ఉప్పునీళ్ళెక్కే గడ్డినేల, పర్ర అంటాం, దాని మధ్యన ఒంటిల్లు. గొర్రెలు ఎవరో పెద్ద రైతువి, కాపలా మా నాన్నది. అక్కణ్ణించి రోడ్డు పట్టుకుని ఊళ్ళోకి రావాలంటే దీవి చుట్టూ తిరిగి, వంతెన దాటి, సగం రోజు. పడవలో అయితే, పోటు సాయముంటే, గంటన్నర. అంచేత పదిహేను రోజులకోసారి, పౌర్ణమికో అమావాస్యకో దగ్గరపడే శనివారం, మిట్టమధ్యాహ్నానికి పెద్ద పోటొచ్చే రోజు చూసుకుని, నలుగురం సంతకెళ్ళేవాళ్ళం. ఎర్రమట్టి రంగు తెరచాప, దానికి మూడు అతుకులు. నాన్న చుక్కాని దగ్గర, అమ్మ లెన్‌ని ఒళ్ళో వేసుకుని తెరచాప కొయ్యకి ఆనుకుని, నేను ముందు కొస మీద. హాలోషోర్ మూల తిరిగామంటే ఇహ ఏరే. అక్కణ్ణించి ఎన్ని మెలికలనుకున్నావ్. చర్చి శిఖరం ఒక మెలికలో కుడిచేతి వైపుంటుంది, ఇంకో మెలికకి ఎడంచేతి వైపుకొస్తుంది, ఒకచోటైతే అసలు వీపు వెనక్కెళ్ళిపోతుంది, ఊరు మనతో దొంగాట ఆడుతున్నట్టు. ఊరింకా కనపడకముందే వాసనొచ్చేది, బీరు కాచే వాసన, తడిసిన రొట్టెలాగ. ఏట్లో ఉన్నంతసేపూ మాట్లాడకూడదు. ఎవరు నోరు తెరిచినా, 'ఉష్, ఇక్కడ లోతు లేదు' అనేవాడు. లోతున్న చోటా అదే మాట.

రేవుకి పడవ కట్టింది మొదలు రెండు గంటలు. అంతే మాకు ఊరు. పోటు నిండుకి ఎక్కి, తిరిగి దిగడం మొదలెట్టగానే బయల్దేరిపోవాలి, లేకపోతే ఏరు ఏరులాగ ఉండదు, కాలవలో నాలుగు వేళ్ళ నీళ్ళు, మిగతాదంతా బురద. మళ్ళీ పోటొచ్చేదాకా పడవ దూడలాగ ఒక పక్కకి ఒరిగి పడుకోవాల్సిందే. నీళ్ళు చదవడం నాకు ఏడో ఏట నేర్పాడు నాన్న. బళ్ళో అక్షరాల కంటే ముందు అదే వచ్చింది. 'రేవు స్తంభం చూడు, నెల్. నీళ్ళకి పైన కొయ్య పొడిగా ఉందా, ఎక్కుతున్నట్టు. తడి పట్టీ కనపడిందా, దిగుతున్నట్టు. బెత్తెడు తడి కనపడితే, ఎవరితో ఏం మాట్లాడుతున్నా సరే, మాట మధ్యలో వదిలేసి నా దగ్గరికి పరిగెత్తుకు రా.' అలాగే పరిగెత్తేదాన్ని. స్తంభాల మీద నిలబెట్టిన ఆ పాత టౌన్‌హాలు కింద అమ్మ చేపలు బేరమాడుతుంటే వెళ్ళి కోటు పట్టుకు లాగేదాన్ని. అమ్మ మొహం చిన్నబోయేది. ఆవిడ ఊరి పిల్ల కదా, ఎఫీ అంటే ఆ సంతలో తెలియనివాళ్ళు లేరు. నలుగురు పలకరించేలోపు వెళ్ళిపోవాలి. మేబెల్ పెద్దమ్మ కూతురు బెరిల్ అని ఉండేది, నా ఈడుదే, నాకు 'పోటుపిల్ల' అని పేరు పెట్టింది. 'పోవే పోటుపిల్లా, నీళ్ళు పిలుస్తున్నాయి' అనేది, చేతిలో మిఠాయి చీకుతూ. అప్పుడింకా మిఠాయి రేషను కూపన్ల మీదే. దానికెక్కణ్ణించి వచ్చేదో.

చలేస్తోందా నీకు? నాకేనేమో. ఆ కిటికీ కాస్త మూసెయ్యి. కాదు, వద్దులే, ఉండనీ.

లెన్ సంగతి. మీ తాత ఇప్పుడు చూస్తే దున్నపోతులా ఉంటాడు కానీ, అప్పుడు వాడు పిట్ట. అక్టోబరు వచ్చి పర్ర మీద మంచు దిగితే చాలు, ఛాతీలో పిల్లిపిల్లలు అరిచేవి. రాత్రంతా అమ్మ వాణ్ణి నిలబెట్టి పట్టుకునేది, పడుకోబెడితే ఊపిరందేది కాదు. ఆ ఇంట్లో గోడలకి చెమట పట్టేది, నేను వేలితో బొమ్మలు గీసేదాన్ని. సెప్టెంబరులో ఒక సంత రోజున అమ్మ వాణ్ణి డాక్టర్ ప్రెంటిస్‌కి చూపించింది, నాన్నకి చెప్పకుండానే, గబగబా. అప్పట్నించీ ఆవిడకొకటే ధ్యాస. వాణ్ణి తీసుకుని చలికాలమంతా ఊళ్ళో పెద్దమ్మ మేడగదిలో ఉండాలి. అది నాన్నకి చెప్పాలి. చెప్పాలంటే ఆయన నిలబడాలి కదా. ఇంటి దగ్గర నోరు తెరిస్తే, 'గొర్రె ఏదో గుంటలో పడ్డట్టుంది' అని వెళ్ళిపోయేవాడు. పడవలో అయితే 'ఉష్, లోతు లేదు.' ఊళ్ళో అయితే 'నీళ్ళు తిరుగుతున్నాయి, ఎఫీ.' ఆయనకి తెలుసు ఆవిడేం అడగబోతోందో. తెలిసే పారిపోయేవాడు. వినకపోతే నిజం కాదనుకున్నాడేమో, ఎవరికి తెలుసు. అమ్మ ఒకసారి నాతో అంది, బకెట్టు మోస్తూ, 'ఆ మనిషితో ఒక్క గంట మాట్లాడే వీలు దొరికితే చాలు నెల్, ఒక్క గంట' అని. చూశావా, అందుకే మీ తాత కథ అంత బాగా అతుకుతుంది.

ఆ శనివారం. అమ్మ లెన్‌ని తీసుకుని పెద్దమ్మ ఇంటికెళ్ళింది. నాన్న ఇనప సామాన్ల కొట్లో గొర్రె కత్తెరలు సాన పెట్టించుకుంటున్నాడు. కొట్టతను ముసలాడు, చెయ్యి నెమ్మది, ముందు ఇద్దరున్నారు. నాన్న ఈ కాలు మీద నుంచి ఆ కాలు మీదకి మారుతూ, 'నెల్, వెళ్ళి నీళ్ళు చూసి రా' అన్నాడు. వెళ్ళాను. దారిలో సినిమా హాలుంది. పిల్లల ఆట శనివారం రెండింటికి. మేం ఎప్పుడూ ఒంటిగంటన్నరకల్లా పడవలో ఉండాలి, కనక నేను ఆ హాలు లోపలికి జన్మలో వెళ్ళలేదు. బయట గాజు పెట్టెలో బొమ్మలు మాత్రం చూసేదాన్ని. పోయిన వారం కథ ఎక్కడాగిందో బెరిల్ నాకు చెప్పేది, మనిషి కొండ అంచు పట్టుకుని వేళ్ళాడుతున్నాడని, తర్వాతేమైందో మాత్రం చెప్పేది కాదు. 'నువ్వుండవుగా' అనేది. ఆ రోజు హాలు మెట్ల మీద నిలబడి ఉంది, చేతిలో రెండు టిక్కెట్లకి డబ్బులు. పెద్దమ్మ ఇచ్చిందట. 'ఇవాళైనా వస్తావా, నీళ్ళు పిలుస్తున్నాయా?' అంది. రేవుకెళ్ళాను.

స్తంభం మీద తడి బెత్తెడు కాదు, జానెడుంది.

ఆగి చూశాను. గడ్డిపోచ ఒకటి సముద్రం వైపు పోతోంది, నింపాదిగా. నాకు పదేళ్ళు. బాగా తెలుసు నాకు, నీళ్ళు తిరిగి అరగంటైంది. మళ్ళీ కొట్టుకెళ్ళాను, పరిగెత్తకుండా, నడుచుకుంటూ. 'ఇంకా ఎక్కుతున్నాయి నాన్నా' అన్నాను. ఆయన నా మొహం కూడా చూళ్ళేదు. చూడాల్సిన అవసరమేముంది? 'అలాగా' అన్నాడు. అని, టోపీ తీసి కొట్టు బల్ల మీద పెట్టాడు. ఆయన ఊళ్ళో టోపీ తీసి పెట్టడం నేను ఎరగను. బల్లకి ఆనుకుని ఆ ముసలాడితో వాన సంగతి మాట్లాడ్డం మొదలెట్టాడు. తర్వాత అటునుంచి ఎవరో పాత స్నేహితుడు కనపడితే పక్కనే ఒక గ్లాసు బీరు కూడా తాగాడట. ఆ ముప్పావుగంట మా నాన్న మామూలు మనిషిలాగ బతికాడు, నేనన్న మాట మీద. నేను బెరిల్‌తో సినిమాకెళ్ళాను.

అవును. సినిమాకే. ఏం, అలా చూస్తావ్? మీ తాత చెప్పలేదు కదూ ఆ ముక్క. వాడికి తెలీదు. నా తమ్ముడి ఛాతీ గురించి నేనా పూట ఒక్కసారి కూడా అనుకోలేదు, బార్నీ. ఒక్కసారి కూడా. కొండ అంచున వేళ్ళాడేవాడు ఏమయ్యాడా అని తప్ప. పోనీ ఆ సినిమా అయినా చూశానా అంటే, అదీ లేదు. కళ్ళ ముందు తెర మీద ఒక తెల్ల గుర్రం అటూ ఇటూ పరిగెత్తింది. అంతే గుర్తు. పిల్లలందరూ కేకలు, కాళ్ళతో నేల తన్నడం. నాకు మాత్రం బురదలో కూరుకుంటున్న పడవే కనపడేది.

ఆట సగంలోనే బయటికొచ్చి రేవు కేసి పరిగెత్తాను. నాన్న మోకాళ్ళ దాకా బురదలో ఉన్నాడు, పడవ వెనక భుజం పెట్టి తోస్తున్నాడు. కదుల్తుందా? అప్పటికే ఒరిగిపోయింది. రేవు మీద నలుగురు చేరారు. 'రూబెన్, గొర్రెల్ని కట్టి లాగించు' అన్నాడొకడు. 'వచ్చే పోటుకి దానంతటదే లేస్తుంది, వచ్చి ఇంకో బీరు తాగు' అన్నాడింకొకడు. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. బురదలోంచి పైకొచ్చి రేవు ఈ కొస నుంచి ఆ కొసకి, ఆ కొస నుంచి ఈ కొసకి నడవడం మొదలెట్టాడు. చెరలో పెట్టిన ఎద్దులాగ. ఇంటి దగ్గర కుక్కని కట్టేసొచ్చాం, దాని గురించి రెండుసార్లు అన్నాడు, 'కుక్కకి నీళ్ళు లేవు' అని, ఎవరితోనో కాదు. అంతలో, పిలవడానికి ఇంకా ఎవరూ రాలేదేవిటా అని, అమ్మే లెన్‌ని ఎత్తుకుని వచ్చింది, పడవెక్కుదామని. పడవ కేసి చూసింది, నాన్న కేసి చూసింది. ఆవిడకేమీ తెలీదు, ఒట్టు, ఆవిడకి ఒక్క ముక్క తెలీదు. కానీ ఆ మనిషికి వచ్చిన అవకాశం పోగొట్టుకునే అలవాటు లేదు. 'సరే, రేపు మధ్యాహ్నం పోటు దాకా ఎక్కడికీ వెళ్ళలేం. చీకట్లో పిల్లల్ని పెట్టుకుని ఏట్లో దిగలేం కదా. డాక్టరు నాలుగింటి దాకా ఉంటాడు. నువ్వు నాతో రా, రూబెన్' అంది. ఆ కాళ్ళతోనే వెళ్ళాడు. డాక్టరుగారి తివాచీ మీద మా నాన్న బురద అడుగులు పొలం గట్టు మీద పడ్డట్టు పడ్డాయట.

డాక్టరు ప్రెంటిస్ పొడుగ్గా, చెవుల్లో వెంట్రుకలు. మాట పొదుపు. 'టాప్లీ, వీణ్ణి ఈ చలికాలం ఆ పర్రలో ఉంచావంటే, వచ్చే చలికాలం వీణ్ణి ఎక్కడుంచాలా అని మనం ఆలోచించుకోనక్కర్లేదు' అన్నాడట. అంతే. నాన్న లెన్‌ని అమ్మ చేతుల్లోంచి తీసుకున్నాడు, మళ్ళీ ఇవ్వలేదు, పెద్దమ్మ ఇంటిదాకా తనే ఎత్తుకొచ్చాడు. మెట్లెక్కి మేడగది చూశాడు. పొయ్యి చూశాడు. గోడ మీద అరచెయ్యి పెట్టి చూశాడు, పొడిగా ఉంది. 'ఉండండి' అన్నాడు. ఆ రాత్రి ఎనిమిదైనా కాకముందే మేబెల్ పెద్దమ్మ చేసిన ఈల్ చేపల పులుసుతో అందరం బల్ల దగ్గర కూర్చున్నాం. ఆయన కూడా. 'ఏం మరిదీ, కుర్చీలో ముళ్ళేమైనా ఉన్నాయా?' అంది పెద్దమ్మ. 'ఉన్నాయి వదినా, కానీ అలవాటవుతాయనుకుంటా' అన్నాడు. అమ్మ నవ్వింది. ఇంకా విను, పులుసు గిన్నె చుట్టూ రొట్టెతో తుడుస్తూ, వసంతంలో గొర్రెల ఈతలు అయ్యాక ఊళ్ళో కలప అడితిలో పని దొరుకుతుందేమో కనుక్కుంటానన్నాడు. అందరం ఊళ్ళోనే ఉండొచ్చన్నాడు. ఆ మాట ఆయనే అన్నాడు, ఎవరూ అడక్కుండా. నేను విన్నాను. అమ్మ చెంచా పళ్ళెంలో పెట్టేసి ఆయన చెయ్యి పట్టుకుంది, మా అందరి ముందూ.

మర్నాడు ఆదివారం పొద్దున్న అమ్మ నాకు జడ వేస్తూ, చెవిలో, 'నీళ్ళు దిగుతున్నాయని నీకు తెలుసు కదూ' అంది. 'తమ్ముడి కోసం అబద్ధమాడావు. నా బంగారు తల్లివి. నాన్నకి చెప్పన్లే' అని ముద్దు పెట్టుకుంది. అదీ మీ తాత కథ పుట్టిన చోటు. నేను కాదనలేదు. కాదనాలంటే సినిమా కోసమని అనాలి కదా. సినిమాకెళ్ళానని అమ్మకి తెలుసు, కానీ అబద్ధమాడాక బెరిల్ తనే నన్ను లాక్కుపోయిందని అనుకుంది. సరే, అక్కడితో ఆగినా బాగుండేది. ఒక అబద్ధం, దాని మీద ఒక ముద్దు. ఎంతమంది బతకలేదు అలాంటి వాటితో.

టీ ఇంకాస్త పొయ్యనా? తాగవేం? చిక్కగా అయిపోయిందా? నా చేతులు ఇలా ఖాళీగా ఉంచుకోలేను, ఏదో ఒకటి కావాలి. ఆ ఊలు బంతి ఇలా ఇవ్వు. అల్లనులే, ఊరికే పట్టుకుంటాను.

మధ్యాహ్నం పోటుకి నాన్నా నేనూ బయల్దేరాం. మేడగదిలో ముగ్గురికి చోటు లేదు, నాకు దీవి మీద బడి ఉంది, కోళ్ళున్నాయి, ఆయనకి వండిపెట్టాలి. అమ్మ రేవు మీద నిలబడి చెయ్యూపింది, మెలిక తిరిగేదాకా. నాన్న కూడా ఊపాడు. రెండు మెలికలు దాటాక, ఎవరూ మాట్లాడకూడని చోట, ఆయనే మాట్లాడాడు. తెరచాప కేసి చూస్తూ. 'నెల్, నిన్న నువ్వు నీళ్ళు తప్పు చూసి ఉండవు.' మళ్ళీ తనే, 'తప్పు చూడవు. నేర్పింది నేను కదా.' నేను ముందు కొస మీద కూర్చుని చెక్కకి పట్టిన గుల్లల్ని గోటితో గీకుతున్నాను. అప్పుడడిగాడు, మెత్తగానే అడిగాడు, కోపమేమీ లేదు, 'అలా చెప్పమని అమ్మ చెప్పిందా?'

నేను తలూపాను.

ఎందుకంటే ఏం చెప్పను, బార్నీ? భయం. ఒక గుర్రం బొమ్మ కోసం ఆయన్ని ఊరందరి ముందూ బురదలో నిలబెట్టానని చెప్పడానికి నోరు రాలేదు. ఇదైతే ఆయనే చేతికందించాడు. పక్కన పెట్టిన గ్లాసు తీసుకున్నట్టు తీసుకున్నాను. పైగా, నిజంగా, అమ్మ కోరుకున్నదీ అదే కదా, మంచే జరిగింది కదా, అనుకున్నాను. పదేళ్ళ బుర్ర. నాన్న చుక్కాని కొంచెం తిప్పాడు. ఇంటికెళ్ళి కుక్కకి నీళ్ళు పెట్టాడు, చాలాసేపు దాని పక్కనే గొంతుక్కూర్చున్నాడు. ఆయనకి అమ్మ ఊళ్ళో ఉంటాననడం తప్పుగా తోచలేదు, చెప్తున్నాను విను. పిల్ల నోట అబద్ధం పెట్టిందనే బాధ. అదీ నీళ్ళ విషయంలో, తను నేర్పిన పిల్ల చేత. అది మింగలేకపోయాడు. ఆవిణ్ణి అడగనూ లేదు. అడిగుంటే ఒక్క క్షణంలో తేలిపోయేది. అడిగే మనిషా ఆయన?

వసంతం వచ్చింది, గొర్రెలు ఈనాయి, కలప అడితి మాట ఎత్తలేదు. అమ్మ ఎత్తితే, 'చూద్దాం' అన్నాడు, తిరిగి దీవికి రమ్మనీ అనలేదు. ఆ తర్వాత ఏడేళ్ళు, ఏడేళ్ళంటే మాటలు కాదు, పదిహేను రోజులకోసారి పడవ కట్టేవాడు. గుడ్లు, కుందేలు, పుట్టగొడుగులు దొరికితే పుట్టగొడుగులు, రేవు మెట్టు మీద పెట్టేవాడు. లెన్ పరిగెత్తుకొస్తే ఎత్తుకుని గాల్లోకి విసిరేవాడు. వాడికి ఛాతీ బాగుపడింది, బుగ్గలొచ్చాయి, ఊళ్ళో బళ్ళో వేశారు. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చేది. 'పైకి రా రూబెన్, టీ పెట్టాను.' 'నీళ్ళు తిరుగుతున్నాయి, ఎఫీ.' నీళ్ళు తిరిగేవి కావు. ఇంకా అరగంట ఎక్కుతాయి, స్తంభం పొడిగా ఉంది. ఆవిడకి తెలుసు, ఏటి పక్క పుట్టిన మనిషి. నాకు తెలుసు. ఆయన మొహమ్మీదే అబద్ధమాడుతున్నాడని ముగ్గురికీ తెలుసు, ఎవరూ ఏమీ అనేవాళ్ళం కాదు. ఒక్కసారి కూడా ఆ మెట్లు దాటి పైకి రాలేదు. నన్ను మళ్ళీ ఎప్పుడూ నీళ్ళు చూసి రమ్మని పంపలేదు, తనే వెళ్ళి చూసుకునేవాడు. 'పెళ్ళాన్ని రేవులో చూసే మొగుడు' అని ఊళ్ళో నవ్వేవాళ్ళు. పెద్దమ్మ వాళ్ళతో పోట్లాడి వచ్చేది, వచ్చి మళ్ళీ తనే ఆయన్ని తిట్టేది.

చెప్పొచ్చు కదా అంటావు. నాకు పదహారేళ్ళప్పుడు చెప్పేద్దామనే అనుకున్నాను. అప్పటికి ఊళ్ళో పళ్ళు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో చేరాను, సెలవుకి ఆయన దగ్గరికెళ్తూ పడవలో ఉన్నాం. ముందు రోజంతా మాటలు కూడబెట్టుకున్నాను. 'నాన్నా, ఒకటి చెప్పాలి' అన్నాను. 'ఉష్, ఇక్కడ లోతు లేదు' అన్నాడు. హాలోషోర్ దగ్గర అది, బోలెడంత లోతు. నాకెంత హాయిగా అనిపించిందో తెలుసా. దేవుడే నోరు మూశాడనుకున్నాను. ఇంటికెళ్ళాకైనా చెప్పొచ్చుగా. చెప్పలేదు. రెండేళ్ళ తర్వాత మార్చిలో, ఈతల కాలంలోనే, గొర్రెల దొడ్డి గేటుకి ఆనుకుని కూర్చున్నట్టే పోయాడు. గుండె. కూర్చుని ఉన్నాడని చూసి, పక్క పొలం అతను ముందు అనుమానపడ్డాడట, రూబెన్ కూర్చోడమేమిటని. హార్టీ చర్చి దొడ్లో పెట్టారు. అమ్మ, నేను, లెన్, పెద్దమ్మ, రోడ్డు మీద చుట్టూ తిరిగి రెండు బస్సులు మారి వెళ్ళాం. ఆ రోజు అమ్మ ఏడవలేదు. ఆయన కూర్చున్న ఆ దొడ్డి గేటు దగ్గరికెళ్ళి చూసొచ్చింది.

తర్వాత ముప్పై రెండేళ్ళు బతికింది ఆవిడ. నీకు తెలీదు, మీ నాన్నకి తెలుసు, ఆవిడ చేసే యాపిల్ గారెలు, వాటికోసం వీధి చివర్నుంచే పరిగెత్తేవాడు. మంచి మనిషి. నవ్వుతూనే ఉండేది. కానీ ఏదో ఒకటి చేస్తూ చేస్తూ, బఠాణీలు ఒలుస్తూనో, దుప్పటి మడత పెడుతుంటే రెండో కొస నేను పట్టుకున్నప్పుడో, ఆగిపోయి అడిగేది. 'ఆ రాత్రి నా చెయ్యి పట్టుకున్నాడు కదే నెల్. ఊళ్ళో ఉందామన్నాడు కదే. మర్నాటి నుంచి నేనేం చేశానని?' అని. ఏడాదికోసారైనా అడిగేది. నేను ఒకటే చెప్పేదాన్ని, 'ఆయన స్వభావమే అంతమ్మా' అని. తల పంకించేది. నమ్మేది కాదు. ఎక్కడో తనే ఏదో అని ఉంటాననుకునేది, వెతుక్కునేది, ఆదివారం పొద్దున్న టీలో చక్కెర ఎక్కువైందా, రేవు మీద నలుగురి ముందు నవ్వానా అని. ఆఖర్న మంచంలో ఉన్నప్పుడు, నా చెయ్యి పట్టుకుని, గొంతు కూడా సరిగ్గా లేదు, మళ్ళీ అదే అడిగింది. 'నేనేం చేశాను నెల్, ఆయనకి?' గదిలో ఇద్దరమే ఉన్నాం. నర్సు కూడా లేదు. అంతకంటే వీలైన గంట నాకు ఎవరిస్తారు? 'నువ్వేం చెయ్యలేదమ్మా' అన్నాను. నిజమే కదా అది. నిజంలో ఆ సగం చెప్పాను.

ఆవిడ నా వైపు చాలాసేపు...

గేటు చప్పుడైంది. మీ తాతే. వెళ్ళు, వెళ్ళి తలుపు తియ్యి. గొళ్ళెం బిగుసుకుంటోంది ఈ మధ్య, కాస్త పైకెత్తి లాగాలి.